61 కామెంట్లు, ఒక కుర్చీ: ఆన్‌లైన్ రిట్రీట్‌లో ఆగిపోయిన ఒక కథ గురించి

నేను కొన్నేళ్లుగా రచయితల కోసం ఆన్‌లైన్ రిట్రీట్లు నడుపుతున్నాను. ఎవరింట్లో వాళ్లుంటారు. పొద్దున రెండు గంటలు అందరం వీడియోలోకి వచ్చి, మ్యూట్ పెట్టుకుని, ఎవరి పని వాళ్లు రాసుకుంటాం. సాయంత్రం ఎవరైనా తమ డ్రాఫ్ట్ పంచుకుంటే మిగతావాళ్లు చదివి అభిప్రాయం చెప్తారు. ఇప్పుడు రాస్తున్న కేసు అలాంటి ఒక పన్నెండు రోజుల రిట్రీట్‌లో జరిగింది. నేను కాక ఎనిమిది మంది ఉన్నారు. ఈ కేసులోని రచయిత్రిని ‘ఆమె’ అనే అంటాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కథలో కొన్ని సంగతులు మార్చాను. ఒక్క వాక్యం మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను, ఎందుకంటే కేసంతా ఆ వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

ఆమె అప్పటికి అయిదారు చిన్న కథలు రాసి ఉన్నారు, ఎవరికీ చూపించలేదు. ఈసారి ఒక పెద్ద కథ మొదలుపెట్టారు. తండ్రి పోయిన నెలకి కూతురు ఆ ఇల్లు ఖాళీ చేయడానికి వస్తుంది, తాళం అన్న దగ్గర ఉంటుంది, ఇద్దరికీ మాటలు సరిగ్గా లేవు. మూడో రోజు సాయంత్రం సుమారు 3,400 పదాల డ్రాఫ్ట్ గూగుల్ డాక్స్‌లో పెట్టి అందరికీ కామెంట్ చేసే వీలిచ్చారు. కథ అప్పటికి పూర్తి కాలేదు. ముగింపు ఏమిటో ఆమెకే తెలియదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటి తప్పు అక్కడే జరిగింది, అది నాది.

సమస్య ఎలా కనిపించింది

మర్నాడు పొద్దుటికి డ్రాఫ్ట్ అంచున 61 కామెంట్లున్నాయి. ఒక్కటి కూడా కటువుగా లేదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే డ్రాఫ్ట్ చచ్చిపోయింది అనగానే ఎవరో దారుణంగా విమర్శించి ఉంటారని అనుకుంటాం. ఇక్కడ అందరూ మర్యాదగా, శ్రద్ధగా, టైమ్ పెట్టి చదివారు. చాలా కామెంట్లు విడివిడిగా చూస్తే సరైనవే.

నాలుగో రోజంతా ఆమె రాయలేదు, కామెంట్లకు జవాబులిస్తూ కూర్చున్నారు. ‘అవునండీ, మారుస్తాను’, ‘నా ఉద్దేశం ఏమిటంటే...’, ‘సారీ, ఇది స్పష్టంగా లేదు కదా’. అయిదో రోజుకి డ్రాఫ్ట్ 2,300 పదాలకు దిగింది. కథ ముందుకు ఒక్క పేరా కూడా కదల్లేదు. ఉన్నదే తరిగిపోయింది. ఏడో రోజు పొద్దున రాసుకునే సెషన్‌కి రాలేదు, నాకు మెసేజ్ పెట్టారు: “ఇప్పుడు చదువుకుంటే తప్పులేమీ లేవండీ. కానీ ఇది ఎవరు రాశారో నాకు తెలియడం లేదు.”

నేను మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

నాలుగో రోజు సాయంత్రానికే ఆమె ఇబ్బంది పడుతున్నారని అర్థమైంది. అయిదో రోజు గ్రూపులో ఒక సూచన పెట్టాను: ముందు నచ్చింది చెప్పండి, తర్వాత లోపం చెప్పండి, చివర్లో మళ్లీ ఒక మంచి మాటతో ముగించండి. అందరికీ తెలిసిన పద్ధతే. భయపడిన రచయితకు కొంచెం ధైర్యం ఇస్తే చాలనుకున్నాను. అంటే సమస్య కామెంట్ల స్వరంలో ఉందని లెక్కేశాను. కానీ అవి ముందే మర్యాదగా ఉన్నాయి. వాటి పైన, కింద ఒక్కో మెచ్చుకోలు చేరేసరికి చదవాల్సింది ఇంకా పెరిగింది. ఆమె మెచ్చుకోళ్లు దాటేసి మధ్యలో లోపం ఎక్కడుందో వెతుక్కుని చదివేవారు. తర్వాత అడిగితే, “ప్రతి ఒక్కరూ మొదట బావుంది అని రాస్తుంటే, ఏది నిజంగా బావుందో తెలియకుండా పోయింది” అన్నారు. ఈ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

ఆరో రోజు రెండో ప్రయత్నం. ఆమె ప్రతి కామెంట్‌కీ సంజాయిషీ చెప్పుకుంటున్నారు కదా, దాన్ని ఆపాలనుకున్నాను. అందుకని వీడియో సెషన్ పెట్టి, రచయిత మాట్లాడకూడదు, పాఠకులే మాట్లాడాలి అన్న పాత నియమం తెచ్చాను. 1936లో అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ పేరుతో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. సైన్స్ ఫిక్షన్ రచయితల మధ్య 1956 నుంచి నడిచిన మిల్ఫర్డ్ వర్క్‌షాప్‌లోనూ దాదాపు ఇదే: వరసగా ఒక్కొక్కరూ మాట్లాడతారు, రచయిత వింటారు, చివర్లో మాత్రం జవాబు చెప్తారు. దీని వెనక మంచి ఆలోచన ఉంది. పుస్తకం అచ్చయ్యాక రచయిత పాఠకుడి పక్కన కూర్చుని వివరించలేరు కదా, కాబట్టి కాగితం మీద ఉన్నదే మాట్లాడాలి.

ఆ సెషన్‌లో ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్పాలి. ఇద్దరు పాఠకులు కథలోని అన్న పాత్ర మీద వాదనకు దిగారు. ఒకరు అతను ఇల్లు అమ్ముకోవాలని చూస్తున్న స్వార్థపరుడు, ఆ పాత్ర చాలా పలచగా ఉంది అన్నారు. ఇంకొకరు, అయితే ఆ స్వార్థాన్ని ఇంకా గట్టిగా చూపించాలి అన్నారు. మిగతావాళ్లు ఏదో ఒక పక్షం చేరారు. నలభై నిమిషాలు. ఆమె దృష్టిలో ఆ అన్న స్వార్థపరుడే కాదు! ఆ ఒక్క మాట చెప్తే వాదన అక్కడే తేలిపోయేది, కానీ నియమం నేనే పెట్టాను, ఆమె పాటించారు. ఇరవయ్యో నిమిషం దగ్గర ఆమె కెమెరా ఆగిపోయింది. నెట్ పోయిందేమో అనుకుని నేను పట్టించుకోలేదు. ఆ రాత్రి ఆమె అన్న పాత్రను మరింత కఠినంగా మార్చి రాశారు.

ఆ పద్ధతి తప్పని అనడం లేదు. అది పూర్తయిన డ్రాఫ్ట్ కోసం పనికొచ్చేది. రచయిత తాను చెప్పదలుచుకున్నది కాగితం మీద పెట్టేశాక, అది పాఠకులకు అందిందా లేదా చూసుకోవడానికి మౌనం ఉపయోగపడుతుంది. చెప్పాల్సింది ఏమిటో ఇంకా వెతుక్కుంటున్న మనిషిని మౌనంగా కూర్చోబెడితే ఆ ఖాళీలో ఎదుటివాళ్ల కథ వచ్చి చేరుతుంది. వీడియోలో ఇంకో ఇబ్బంది: గదిలో అయితే తల దించుకుని నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు. తెరమీద తన ముఖం తనకే కనిపిస్తుంటుంది, ఏడుగురు తన కథ గురించి మాట్లాడుతుంటే తాను ఎలా కనిపిస్తున్నానో అన్నదే చూసుకుంటారు.

కామెంట్లన్నీ కూర్చుని లెక్కపెట్టాక

ఏడో రోజు ఆమె మెసేజ్ చూశాక కొత్త సలహా ఏదీ ఇవ్వకుండా వెర్షన్ హిస్టరీలోకి (డాక్ పాత రూపాలు దాగి ఉండే చోటు) వెళ్లి మూడో రోజు నాటి డ్రాఫ్ట్ తీసి, కామెంట్లు కనిపించకుండా ప్రింట్ చేసుకుని మొదటినుంచి చివరిదాకా చదివాను. తర్వాత 61 కామెంట్లనూ వరసగా, ఎవరు, ఎప్పుడు, ఏ వాక్యం మీద పెట్టారో చూసుకుంటూ ఒక కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టాను. ఈ పని నాలుగో రోజే చేయాల్సింది.

38 కామెంట్లు వాక్యం, పదం, కామా, ఒత్తుల గురించి. 14 ‘ఇక్కడ అర్థం కాలేదు’ తరహావి. కథ గురించి, పాత్రల గురించి మాట్లాడినవి తొమ్మిదే. 27 కామెంట్లు మొదటి రెండు పేరాల మీదే ఉన్నాయి, చివరి మూడో వంతు మీద నాలుగు. అంటే అందరూ ఎత్తుగడ దగ్గరే అలసిపోయారు. డాక్‌లో కామెంట్ పెట్టాలంటే మామూలుగా ముందు ఒక ముక్కను సెలెక్ట్ చేస్తాం. ఆ పనే పాఠకుణ్ని కథలోంచి బయటికి లాగి వాక్యం మీదికి వంచుతుంది. ‘చదవడం అయ్యాక నాకు ఈ అన్న మీద జాలేసింది’ అని చెప్పాలంటే దాన్ని ఏ పదానికి తగిలించాలి? అందుకని ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి గమనించాను. సాయంత్రం అందరికంటే ముందు వచ్చిన కామెంట్, ‘కథ కొంచెం నెమ్మదిగా మొదలవుతోంది’. ఆ తర్వాత వచ్చినవాళ్లలో నలుగురు వేరువేరు మాటల్లో అదే అన్నారు: నడక మందంగా ఉంది, బిగి లేదు, ఎత్తుగడ సాగింది. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. ముందు వచ్చిన మాట చదివాక కథ ఎవరికైనా నెమ్మదిగానే కనిపిస్తుంది. ఆమెకు మాత్రం అది అయిదుగురు విడివిడిగా ఇచ్చిన తీర్పులా కనిపించింది. నిజానికి అది ఒకటిన్నర అభిప్రాయం!

ఇక ఆ వాక్యం. డ్రాఫ్ట్‌లో రెండో పేరా చివర ఇలా ఉండేది: “నాన్న కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.”

మొదటి కామెంట్: ‘ఆయన పోయి నెలైంది కదండీ, వెచ్చగా ఎలా ఉంటుంది?’ రెండోది: ‘ఇది ప్రతీకా?’ మూడోది, ప్రూఫ్ పని బాగా తెలిసిన ఒక పెద్దాయనది, కామెంట్ కూడా కాదు, సజెషన్ మోడ్‌లో దిద్దుబాటు: ‘కిటికీలోంచి ఎండ పడి నాన్న కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.’ ఆమె టిక్ నొక్కి ఒప్పుకున్నారు. సజెషన్ మోడ్‌లో అదే ప్రమాదం, ఒక్క నొక్కుతో ఎవరి వాక్యమో మన వాక్యమైపోతుంది, చేత్తో తిరిగి రాయాల్సి వస్తే మధ్యలో ఎక్కడో చేయి ఆగి ఉండేది. మర్నాడు ఆ మారిన వాక్యం మీద ఇంకొకరి కామెంట్: ‘ఎండ వివరం వల్ల కథకు ఏం లాభం? తీసేయొచ్చేమో.’ ఇదీ సబబే, ఎండ చేరాక ఆ వాక్యానికి నిజంగానే పని లేకుండా పోయింది. ఆమె తీసేశారు. నలుగురూ సరిగ్గానే చదివారు, ప్రతి మార్పుకీ కారణం ఉంది, చివరికి వాక్యం లేదు.

ఏడో రోజు రాత్రి ఫోన్

ఆ వాక్యం పోయిందని చూడగానే నాకు తిరిగి పెట్టించాలనిపించింది. ఫోన్ చేసే ముందు చాలాసేపు ఆలోచించాను. ‘కుర్చీ వాక్యం వెనక్కి తెచ్చుకోండి’ అంటే అది 62వ కామెంట్ అవుతుంది, పైగా రిట్రీట్ నడిపే మనిషి చెప్పింది కాబట్టి అన్నిటికంటే బరువైనది. ఆమె నా మాట విని పెట్టేస్తారు, మళ్లీ అది ఆమె వాక్యం కాదు. అందుకని చెప్పకుండా అడగాలని నిర్ణయించుకున్నాను.

“ఈ కథ మీకు మొట్టమొదట ఎలా వచ్చిందండీ?” అని అడిగాను.

ఆమె వెంటనే అన్నారు: “కుర్చీ. తాళం తీసి లోపలికెళ్తే కుర్చీ వెచ్చగా ఉంటుంది. అంతే వచ్చింది ముందు. కానీ అది తప్పు కదండీ, లాజిక్ లేదన్నారు కదా అందరూ.”

“ఎందుకు వెచ్చగా ఉందో మీకు తెలుసా?”

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇంకా తెలియదు” అన్నారు.

“అయితే అది తెలిసేదాకా ఎవరికీ చూపించకండి. నాకు కూడా.”

కుర్చీ వెచ్చగా ఎలా ఉంటుంది అని అడిగిన మొదటి పాఠకుడు ఆ కథకు కావలసిన ప్రశ్నే అడిగాడు. ఆ ప్రశ్న రెండో పేరాలో పుట్టి చివరి పేజీ దాకా నడవాలి. మేము దాన్ని లోపం అనుకుని అక్కడికక్కడే ఎండతో పూడ్చేశాం. విమర్శలో నేను ఇంతకాలం చూడని తేడా ఇది: పాఠకుడి సందేహం వేరు, దాన్ని తీర్చే మరమ్మతు వేరు. సందేహం పాఠకుడి సొంతం, దాన్ని కాదనడానికి లేదు. మరమ్మతు మాత్రం రచయిత పని, అదీ కథ ఎటు పోతోందో తెలిశాక.

ఏం మార్చాం

ఆ రాత్రే ఆమె డాక్‌ను అందరికీ మూసేశాను. మూడో రోజు నాటి రూపాన్ని వెర్షన్ హిస్టరీలో పేరు పెట్టి దాచి, కొత్త కాపీ తీసి ఆమెకు ఒక్కరికే ఇచ్చాను. పాతదాన్ని తుడిచేయలేదు, ఎందుకంటే ఆ 2,300 పదాల్లో కూడా ఆమెకు నచ్చినవి ఉండొచ్చు. గ్రూపులో దీని గురించి చెప్పినప్పుడు ఆమె ఇబ్బందిని కారణంగా చూపలేదు, పద్ధతిలో నా పొరపాటు ఉంది, మారుస్తున్నాను అన్నాను. అది నిజం కూడా.

ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు ఆమె ఒంటరిగా రాసుకున్నారు. పదో రోజు పొద్దున ముగింపు దాకా వచ్చిన డ్రాఫ్ట్ పంపారు. కుర్చీ వెచ్చగా ఉండటానికి కారణం దొరికింది. అన్న రోజూ ఎవరికీ చెప్పకుండా వచ్చి అందులో కూర్చుని పోతున్నాడు. చెల్లెలు తాళం అడిగిన పొద్దున కూడా కూర్చునే వచ్చాడు.

ఈసారి ఏడుగురికీ ఇవ్వలేదు, ముగ్గురికే ఇచ్చాం. ఎవరికి అన్నది ఆమే ఎంచుకున్నారు. కామెంట్ పెట్టే వీలు తీసేసి చదవడానికి మాత్రమే ఇచ్చాం. డ్రాఫ్ట్ పైన ఆమె నాలుగు వాక్యాల చీటీ రాశారు: ఇది మొదటిసారి పూర్తయిన రూపం, భాష ఇంకా సరిచూడలేదు కాబట్టి వాక్యాల గురించి వద్దు, అన్న మీద మీకు ఎప్పుడు ఏమనిపించిందో చెప్పండి, ఎక్కడైనా చదవడం ఆపేయాలనిపిస్తే ఆ చోటు చెప్పండి. చదివినవాళ్లు ఒక్కొక్కరూ అర పేజీ ఉత్తరం విడిగా నాకు పంపాలి, ముగ్గురివీ వచ్చేదాకా ఒకరిది ఒకరికి కనిపించదు. మొదటి కామెంట్ మిగతావాళ్లను లాక్కుపోవడం కళ్లారా చూశాను కాబట్టి ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉన్నాను.

ఉత్తరాలు ఏ వరసలో ఉండాలి అన్నదానికి నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన పద్ధతి వాడాను. అందులో నాలుగు మెట్లున్నాయి. చూసినవాళ్లకు ఏది తాకిందో, ఏది గుర్తుండిపోయిందో ముందు చెప్తారు. తర్వాత కళాకారుడు తన ప్రశ్నలు అడుగుతారు. ఆ తర్వాత ఎదుటివాళ్లు లోపల తీర్పు లేని మామూలు ప్రశ్నలు అడుగుతారు, అంటే ‘ఎందుకింత నెమ్మది?’ అని కాకుండా ‘మొదటి పేజీలో పాఠకుడికి ఏం తెలియాలనుకున్నారు?’ అని. అభిప్రాయాలు చివరికి వస్తాయి, అవీ అడిగాకే: ‘ముగింపు గురించి నాకొక అభిప్రాయం ఉంది, వింటారా?’ రచయిత వద్దనొచ్చు. డ్యాన్స్ కోసం వచ్చిన పద్ధతి రాతకు బాగా అతుకుతుంది, ఎందుకంటే అది పూర్తికాని పనిని పూర్తికానిదిగానే చూస్తుంది.

ఉత్తరాలు పదో రోజు రాత్రి ఆమెకు చేరాయి. పదకొండో రోజు డ్రాఫ్ట్ తెరవొద్దన్నాను. ఒక రోజు గడిచాక కూడా వెంటాడే మాటలే నోట్‌బుక్‌లో రాసుకోండి, మిగతావి పోనివ్వండి అన్నాను. మొదటిసారి వచ్చినవాటికి గంటలో జవాబులిచ్చిన మనిషికి ఆ ఒక్కరోజు చాలా అవసరమనిపించింది. ఆమె మూడు మాటలు రాసుకున్నారు. ఒకటి, తాళం చేతులు మారే చోట చదువుతూ ఆగిపోయానని ఒకరు రాసింది. రెండోది, అన్న చివరిదాకా సంజాయిషీ చెప్పకపోవడం నచ్చిందన్నది. మూడోది, మొదటి పేజీ నెమ్మదిగా ఉందన్నది! ముగ్గురిలో ఇద్దరు ఒకరిది ఒకరు చూడకుండా అదే రాశారు. అంటే ఆ తొలి కామెంట్ తప్పు కాదు. ఈసారి ఆమెకు కథ ఎటు పోతోందో తెలుసు కాబట్టి ఆ పేజీలో ఏది తీయొచ్చో ఆమెకే కనిపించింది, పన్నెండో రోజు సగానికి సగం కోసేశారు. కుర్చీ ఇప్పుడు మొదటి పేరాలోనే ఉంది.

ఇప్పుడు నా దగ్గర మారినవి

డ్రాఫ్ట్ పంచుకునే ముందు ఏ దశలో ఉందో చెప్పకుండా ఎవరూ పెట్టకూడదు, ఇది కచ్చితం. ముగింపు తెలియని కథ అయితే పాఠకులకు సందేహాలు రాయడానికే అనుమతి, సలహాలకు లేదు. పూర్తయ్యాక ఉత్తరాలు. అంచు కామెంట్లు, సజెషన్ మోడ్ భాష దిద్దుకునే చివరి దశలోనే. ప్రతి దశకూ ముందు వెర్షన్‌కు పేరు పెట్టి దాచుకోమంటాను, వెనక్కి పోవడానికి దారి ఉందని తెలిస్తే మనిషి ధైర్యంగా మారుస్తారు. లింకు ఉన్నవాళ్లెవరైనా చూసేలా కాకుండా పేరుపేరునా మాత్రమే యాక్సెస్ ఇస్తాం. అందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టిన కథను అచ్చయినదానిగానే లెక్కేసే పత్రికలు ఉన్నాయి, ఆ టెన్షన్ రచయితకు తర్వాత వద్దు.

రచయిత మౌనంగా ఉండే వీడియో సెషన్ పూర్తిగా మానలేదు, పూర్తయిన డ్రాఫ్టులకు ఉంచాను. అందులో రచయిత కెమెరా ఆపుకోవచ్చని ముందే చెప్తున్నాను, పాఠకులు కథలో లేని సంగతి మీద వాదిస్తుంటే నేనే ఆపి, ‘ఇది కథలో ఎక్కడుంది?’ అని అడుగుతున్నాను.

ప్రూఫ్ తెలిసిన ఆ పెద్దాయన గురించి కూడా చెప్పాలి. 61లో 22 ఆయనవే. కామెంట్లు మూసేశాక ఆయన నొచ్చుకున్నారు, “నేను సాయం చేద్దామనే కదమ్మా” అన్నారు. నిజమే, అంత శ్రద్ధగా చదివేవాళ్లు దొరకడం కష్టం, ఆ శ్రద్ధ నాలుగు రోజుల పసి డ్రాఫ్ట్ మీద పడటమే ఇబ్బంది అయింది. ఆయనకు అదే చెప్పాను, చివరి దశ పని మీకే అని మాటిచ్చాను. రిట్రీట్ అయిపోయిన రెండు వారాలకు ఆమె 4,100 పదాల కథ ఆయనకు పంపారు, సజెషన్ మోడ్ తెరిచి. ఆయన 19 దిద్దుబాట్లు పెట్టారు. ఆమె 16 ఒప్పుకున్నారు, మూడు వద్దని కారణం రాశారు. కుర్చీ వాక్యం మీద ఆయన ఏ గుర్తూ పెట్టలేదు.